వేరేవాళ్ల డిజైన్ చూసి చేసిన పరికరాన్ని ఓపెన్‌సోర్స్ చేసే ముందు: ఎవరిని, ఏమని, ఎప్పుడు అడగాలి

రాత్రంతా చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఖర్చవుతూనే ఉంటుంది. తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళకి ఒక ఫేజ్ పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటారు మూలుగుతూ నిలబడిపోతే, మకాంలో పడుకున్న మనిషి లేచి చూసేసరికి రొయ్యలు తేలి ఉంటాయి. అందుకే భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లకి ఏరేటర్ అలారం చేద్దామన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎవరూ సున్నా దగ్గర మొదలుపెట్టరు. నెట్‌లో ఎవరో పెట్టిన సర్క్యూట్ దించుకుంటారు, మన చెరువుకి తగ్గట్టు మారుస్తారు, రెండు పంటలు నడిపాక "ఇది అందరికీ పెట్టేద్దాం" అనుకుంటారు.

ఇలా ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ఫైళ్లు బయటపెట్టడమంటే (ఓపెన్‌సోర్స్ అంటే ఇదే) మీ పనిని ఇవ్వడమే కాదు. అందులో కలిసిపోయిన ఎదుటివాళ్ల పనిని కూడా మీ చేత్తో ఊరంతటికీ పంచడం. పంచే హక్కు మీకు ఉందా లేదా అన్నది భాగం భాగానికీ విడిగా తేల్చుకోవాలి. అన్నిటికంటే ముందు ఒక సంగతి. అనుమతి అడిగే ఉత్తరం వేరు, తెలియజేసే ఉత్తరం వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం తగవులు వస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. వేరే ఊళ్లో ఉన్న ఒక డిజైనర్ పంపు మోటారు కరెంటు కొలిచి వైఫైలో చూపించే బోర్డు చేసి ఫైళ్లు పెట్టారనుకోండి. సర్క్యూట్, పీసీబీ (భాగాలు అమర్చే బోర్డు) ఫైళ్లకి సీసీ బై-ఎన్‌సీ-ఎస్‌ఏ లైసెన్స్. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, మిగతా అక్షరాల అర్థం మూడో మెట్టులో వస్తుంది. బోర్డులో నడిచే ప్రోగ్రాముకి, అంటే ఫర్మ్‌వేర్‌కి, జీపీఎల్ వెర్షన్ 3 అనే ఓపెన్‌సోర్స్ లైసెన్స్. త్రీడీ ప్రింట్ డబ్బా ఫైలుకి ఏ లైసెన్సూ రాయలేదు. మీరు ఒక సీటీ (వైరు చుట్టూ తొడిగి కరెంటు కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) బదులు మూడు పెట్టారు, వైఫై తీసి 4జీ మోడెమ్ పెట్టారు, సైరన్‌కి రిలే కలిపారు, ఉప్పుగాలికి తట్టుకోవడానికి బోర్డు మీద కోటింగ్ వేశారు. ఇలాంటి కలగాపులగం అరుదేమీ కాదు.

మొదటి మెట్టు: చిట్టా

ఒక కాగితం మీద ఆరు వరసలు గీయండి: సర్క్యూట్ బొమ్మ, పీసీబీ లేఅవుట్, ఫర్మ్‌వేర్, డబ్బా, రాతలూ ఫొటోలూ, పేరు. ఒక్కోదాని ఎదురుగా ఈ మూడింట్లో ఏదో ఒకటి రాయాలి: ఫైలు తీసుకుని మార్చాం, చూస్తూ మళ్లీ గీశాం, ఆలోచన మాత్రమే తీసుకున్నాం.

ఇక్కడ మనకి మనమే అబద్ధం చెప్పుకోవడం చాలా తేలిక. వాళ్ల సర్క్యూట్‌ని స్క్రీన్ మీద ఒక పక్క తెరిచిపెట్టుకుని, ఇంకో పక్క కైక్యాడ్ అనే సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో భాగమూ తిరిగి గీస్తే అది రెండోది, మూడోది కాదు. పరీక్ష ఒకటుంది. వాళ్ల బొమ్మలో అవసరం లేకుండా ఉన్నది మీ బొమ్మలోనూ ఉందేమో చూడండి. ఎవరూ వాడని టెస్ట్ పాయింట్, రెసిస్టర్ల వరసలో ఆర్7 తర్వాత ఆర్8 లేకుండా ఆర్9కి దూకిన నంబరు, 10 కిలోఓమ్ సరిపోయే చోట కారణం లేకుండా 8.2 కిలోఓమ్. ఇవి మీ దాంట్లోకి కూడా వచ్చి ఉంటే, అసలు డిజైనర్ తెరిచి చూసిన నిమిషంలో గుర్తుపడతారు.

ప్రతి ఫైలుకీ దించుకున్న తేదీ రాయండి, ఆ రోజు ఉన్న లైసెన్స్ పాఠాన్ని కాపీ చేసి దాచండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఒకసారి ఇచ్చాక దాన్ని తీసుకున్నవాళ్ల నుంచి వెనక్కి లాక్కోవడం కుదరదు. కానీ రేపు వాళ్లు లైసెన్స్ మార్చేస్తే, మీరు తీసుకున్నది పాతదాని కిందేనన్న రుజువు మీ దగ్గరే ఉండాలి.

గిట్ (ఫైళ్ల మార్పుల చరిత్రని దాచే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే మొదటి కమిట్‌లో, అంటే మొదటిసారి నమోదు చేసేటప్పుడు, వాళ్ల ఫైళ్లను ముట్టుకోకుండా ఉన్నవున్నట్టు పెట్టి, రెండో కమిట్ నుంచి మీ మార్పులు మొదలుపెట్టండి. ఎవరి పని ఎంతో ఎవరూ వాదించనక్కర్లేకుండా అదే చూపిస్తుంది. లైసెన్స్ లేని డబ్బా ఫైలు మాత్రం ఆ కమిట్‌లోకి రాకూడదు. తర్వాత తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది, రిపో (ఆ ఫైళ్లన్నీ ఉండే చోటు) బయటపెట్టిన రోజు ఆ చరిత్రా బయటికొస్తుంది.

రెండో మెట్టు: దేని మీద ఎవరికి హక్కు

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే కుండ మీద జావ పూసి రేకు తీయడం ఇంకెవరూ చేయకూడదని కాదు, ఎక్కడో చేసిన రేకుని ఆ పేరుతో అమ్మకూడదని. హార్డ్‌వేర్‌లోనూ ఇదే పద్ధతి: ఒకే వస్తువు మీద నాలుగైదు రకాల హక్కులు పొరలు పొరలుగా ఉంటాయి, ఒక్కో పొరకీ ఒక్కో చట్టం.

సీటీతో కరెంటు కొలిచి, తగ్గితే సైరన్ మోగించడం అనే పద్ధతి మీద కాపీరైట్ ఉండదు. ఆ పద్ధతిని గీసిన బొమ్మ మీద ఉంటుంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం రేఖాచిత్రాలనీ ప్లాన్లనీ కళాకృతుల్లో చేర్చింది, కంప్యూటర్ ప్రోగ్రాములని సాహిత్య కృతుల్లో చేర్చింది. కాబట్టి సర్క్యూట్ ఫైలు, లేఅవుట్ ఫైలు, ఫర్మ్‌వేర్, అసెంబ్లీ సూచనలు, ఫొటోలు అన్నీ దాని కిందికే వస్తాయి.

డబ్బా ఆకారం లాంటివి 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. ముందు 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5. రిజిస్టర్ చేసుకునే వీలున్నా చేయకుండా, యజమాని ఆ డిజైన్‌తో 50కి మించి వస్తువులు పారిశ్రామికంగా తయారుచేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. దీన్ని విని "వాళ్లు వందలు అమ్మారు కదా, ఇంక మన ఇష్టం" అనుకునేవాళ్లున్నారు. ఆ సెక్షన్ వస్తువు రూపానికి సంబంధించింది, ఫర్మ్‌వేర్‌నో సూచనల పుస్తకాన్నో కాపీ కొట్టుకోమని చెప్పడం లేదు. పైగా అది మన దేశపు చట్టం, మీ ఫైళ్లు మాత్రం అన్ని దేశాల్లోనూ తెరుచుకుంటాయి.

పేటెంట్ సంగతి ఇంకా వేరు. గడువు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లు. మీరు చూడకుండా సొంతంగా కనిపెట్టానన్నా అది వర్తిస్తుంది. భారత పేటెంట్ ఆఫీసు వెతుకులాట సేవ ఇన్‌పాస్ ఉచితమే. అందులో ఏరేటర్, మోటారు రక్షణ, ఆక్వాకల్చర్ లాంటి మాటలతో ఒక సాయంత్రం కూర్చుని వెతకండి. దరఖాస్తు వేసిన 18 నెలల దాకా అది మామూలుగా బయటికి రాదు కాబట్టి, ఏమీ కనపడలేదంటే ఏమీ లేదని కాదు. అసలు డిజైనర్ కంపెనీ నడుపుతుంటే "ఈ డిజైన్ మీద పేటెంటు గానీ దరఖాస్తు గానీ ఉందా" అన్న ఒక్క వాక్యం ఉత్తరంలో చేర్చడం మేలు.

పేరు ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది. ఆర్డ్యునోనే చూడండి. బోర్డు ఫైళ్లు తీసుకుని మార్చి అమ్ముకోవచ్చు, ఆ పేరు మాత్రం మీ బోర్డుకి పెట్టకూడదు. "ఆర్డ్యునోతో పనిచేస్తుంది" అని రాయడానికి అభ్యంతరం ఉండదు.

మూడో మెట్టు: ఉన్న లైసెన్స్ ఏం ఇచ్చిందో చదవండి

లైసెన్స్ ఏమీ రాయకపోతే "ఉచితం" అని కాదు, "అన్ని హక్కులూ వాళ్లవే" అని. మన దగ్గర ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

బై అంటే చేసినవాళ్ల పేరు చెప్పాలి. ఎన్‌సీ అంటే వాణిజ్య వాడకం కూడదు. ఓపెన్ హార్డ్‌వేర్ నిర్వచనం ప్రకారం ఎవరైనా తయారుచేసి అమ్ముకునే వీలుండాలి. అందుకని ఎన్‌సీ భాగం ఒక్కటున్నా మొత్తం బోర్డుని ఓపెన్ హార్డ్‌వేర్ అనలేరు. ఇదేదో మాటల పట్టింపు కాదు. పాలకొల్లులో ఒక వైండింగ్ షాపతను మీ ఫైళ్లతో ఇరవై పెట్టెలు కట్టి, కూలీ వేసుకుని రైతులకి అమ్ముదామంటే ఎన్‌సీ అడ్డుపడుతుంది. ఆ షాపతను లేకపోతే మీ డిజైన్ చెరువు దాకా వెళ్లదు, ఎందుకంటే రైతు తనంతట తాను సోల్డరింగ్ చేసుకోడు.

ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు. ఎస్‌ఏ అంటే మార్చినదాన్ని అదే లైసెన్స్ కింద పెట్టాలి. యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ రాసిన ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ (ఓహెచ్‌ఎల్) రెండో వెర్షన్ 2020లో మూడు రకాలుగా వచ్చింది. ఎస్ రకంలో మార్పులూ తెరిచే ఉంచాలి. పీ రకంలో గుర్తింపు ఇస్తే చాలు. డబుల్యూ రకం నడిమధ్యన. సీసీ బై-ఎస్‌ఏ ఫైలుని మీ అంతట మీరే సెర్న్ లైసెన్స్‌కి మార్చడం కుదరదు, రెండూ "తెరిచి ఉంచాలి" అనేవే అయినా ఒకదాని బదులు ఒకటి చెల్లదు.

ఇప్పుడు చిట్టా తీసి మన ఉదాహరణ చూడండి. ఫర్మ్‌వేర్‌కి జీపీఎల్ ఉంది: మార్చడానికీ, పంచడానికీ, అమ్మడానికీ అనుమతి ముందే ఇచ్చేశారు, మీది కూడా జీపీఎల్ కిందే పెడితే చాలు. అక్కడ అనుమతి అడగకండి. చేతిలో ఉన్నదాన్ని మళ్లీ అడిగితే ఎదుటివాళ్లు తికమకపడి "వద్దు" అనొచ్చు. లైసెన్స్ ప్రకారం అది చెల్లకపోయినా ఆ మాట విన్నాక ముందుకెళ్లడానికి మీకే మనసొప్పదు. తెలియజేయండి, అంతే.

డబ్బాకి లైసెన్స్ లేదు. అడగొచ్చు గానీ ఆ డబ్బా కోసం ఒక ప్రశ్న ఖర్చుపెట్టడం దండగ. త్రీడీ ప్రింట్‌కి వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ గట్టు మీద ఎండకి మెత్తబడుతుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే, దుమ్మూ నీళ్లూ చొరబడని ఐపీ65 రకం జంక్షన్ బాక్సూ, కేబుల్ గ్లాండులూ ఉప్పుగాలికి అంతకంటే నయం. ఆ ఫైలు వదిలేయండి.

ఇక మిగిలింది సర్క్యూట్, పీసీబీ. ఆ ఒక్కదానికే నిజంగా అనుమతి కావాలి. ఉత్తరంలో అడగాల్సింది ఆ ఒక్కటే.

నాలుగో మెట్టు: ఉత్తరం

ఎవరికి రాయాలి? ఫైళ్లు పెట్టిన మనిషే యజమాని కావాలని లేదు. ఉద్యోగంలో భాగంగా గీసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఉద్యోగమిచ్చిన సంస్థే. కాలేజీ ప్రాజెక్టయితే ఆ కాలేజీ నిబంధనలు కనుక్కోవాలి. రిపోలో నలుగురు కమిట్లు చేసి ఉంటే, మీరు వాడుకున్న భాగాలు ఎవరు గీశారో చరిత్రలో చూసి వాళ్లందరికీ రాయాలి. ఒక్కరు ఒప్పుకుంటే మిగతా ముగ్గురూ ఒప్పుకున్నట్టు కాదు.

ఎప్పుడు రాయాలి? ప్రోటోటైపు పనిచేశాక, పీసీబీలు పెద్ద సంఖ్యలో ఆర్డరు పెట్టకముందు. యాభై బోర్డులు వచ్చి బల్ల మీద పడ్డాక రాసే ఉత్తరంలో ఎంత మర్యాదగా రాసినా తొందర కనపడుతుంది. వాళ్లు కాదంటే ఆ బోర్డులు చెత్తబుట్టకి వెళ్లాలి, అందుకని మీరు "కాదు" అన్న జవాబు వినలేరు.

మన ఉత్తరాల్లో కుశల ప్రశ్నలూ పొగడ్తలూ అయ్యాక అసలు సంగతి మూడో పేరాలో వస్తుంది. ఇక్కడ అలా వద్దు. ఏం కావాలో మొదటి మూడు వాక్యాల్లోనే ఉండాలి. నమూనా ఇది:

"విషయం: మీ మోటారు కరెంటు బోర్డు సర్క్యూట్, పీసీబీ ఫైళ్లకి వేరే లైసెన్స్ కింద అనుమతి గురించి

నమస్కారమండీ. మీ బోర్డు వెర్షన్ 1.3 ఆధారంగా రొయ్యల చెరువు ఏరేటర్లకి అలారం బోర్డు చేశాం. దాన్ని ఓపెన్ హార్డ్‌వేర్‌గా విడుదల చేయాలనుకుంటున్నాం. మీ ఫైళ్ల లైసెన్స్ వాణిజ్య వాడకాన్ని ఒప్పుకోదు కాబట్టి మీ అనుమతి కోరుతున్నాం.

మీ నుంచి తీసుకున్నవి: సీటీ ఇన్‌పుట్ భాగం, పవర్ సప్లై భాగం, ఈ రెంటి పీసీబీ అమరిక. మేము చేర్చినవి: మూడు ఫేజుల ఇన్‌పుట్లు, 4జీ మోడెమ్, సైరన్ రిలే. డబ్బా ఫైలు వాడలేదు. ఫర్మ్‌వేర్ జీపీఎల్ 3 కిందే ఉంటుంది.

కోరుతున్న అనుమతి: మీ భాగాలను మా మార్పులతో కలిపి సెర్న్ ఓహెచ్‌ఎల్-ఎస్ వెర్షన్ 2 కింద, వాణిజ్య వాడకంతో సహా, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం ప్రచురించడానికి. ఏడాదిలోగా ఈ హక్కు వాడకపోయినా అనుమతి రద్దు కాదని కూడా ఒప్పుకోవాలని మనవి. ఈ లైసెన్స్ కింద ఎవరైనా ఈ బోర్డుని తయారుచేసి అమ్ముకోవచ్చు, మీకు గానీ మాకు గానీ డబ్బు కట్టనక్కర్లేదు.

మీ పేరు ఎలా వేయమంటారో చెప్పండి, వద్దంటే వేయం. ఈ డిజైన్ మీద పేటెంటు గానీ దరఖాస్తు గానీ ఉంటే తెలియజేయండి. ఫైళ్లు ఈ లింకులో చూడొచ్చు, ఇంకా బయటపెట్టలేదు. సరేనంటే ఈ మెయిల్‌కే 'పై అనుమతి ఇస్తున్నాను' అని రాయండి చాలు. వద్దంటే మీ భాగాలు తీసేసి కొత్తగా గీసుకుంటాం."

మూడో పేరాలో కోర్టు కాగితంలా కనపడే ఆ మాటలు ఊరికే పెట్టినవి కాదు. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ నియమాలు 30ఏ సెక్షన్ ద్వారా లైసెన్సులకి కూడా వర్తిస్తాయి. గడువు రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. ఇచ్చిన హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, వేరే విధంగా రాసుకుని ఉంటే తప్ప, అది చెల్లిపోతుంది. "మా డిజైన్ మీ ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులో వాడుకోండి, సంతోషం" అని ఎవరైనా మనస్ఫూర్తిగా మెయిలిచ్చినా, అందులో ఈ మూడూ లేకపోతే ఆరో ఏట దాన్ని పట్టుకుని నిలబడటం కష్టం.

డబ్బు కట్టనక్కర్లేదన్న వాక్యం కూడా కావాలనే పెట్టింది. చాలామంది "వాడుకోండి" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది మీరొక్కరే. రేపు మూడో మనిషి ఎవరో అదే బోర్డు అమ్ముతుంటే చూసి నొచ్చుకుంటారు. ఆ మూడో మనిషిని మొదటి ఉత్తరంలోనే వాళ్ల కళ్ల ముందు నిలబెట్టాలి.

ఎదుటివాళ్లు తెలుగువాళ్లయితే సగం పని ఫోన్లో అయిపోతుంది. "దానికేముందండీ, చేసుకోండి" అంటారు. మంచిదే, కానీ లైసెన్స్ రాతలో ఉండాలని చట్టం. ఆ సాయంత్రమే "ఇందాక ఫోన్లో అనుకున్నట్టు" అని మొదలుపెట్టి పై ఉత్తరాన్నే పంపండి. వాట్సాప్ వాయిస్ మెసేజీ మీద ఆధారపడకండి. ఫోను మారితే పోతుంది, దాంట్లో గడువూ ప్రాంతమూ ఎవరూ చెప్పరు. అనుమానపడుతున్నారనుకుంటారేమో అని మొహమాటమనిపిస్తే, "మీ మాట మీద నమ్మకం లేక కాదండీ, రేపు ఈ ఫైళ్లు వాడే కొత్తవాళ్లకి చూపించాలి" అనండి. నిజం కూడా అదే.

అయిదో మెట్టు: జవాబు

"సరే" వస్తే ఆ మెయిల్‌ని పీడీఎఫ్‌గా దాచి, వాళ్లు ఒప్పుకుంటే రిపోలోనే పెట్టండి. మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు కనపడకుండా కొట్టేసి మరీ.

షరతులతో "సరే" వస్తే ఆలోచించాలి. "పేరు ఇలా వేయండి", "మా లోగో తీసేయండి", "ముందు మాకు చూపించండి" ఇవన్నీ ఒప్పుకోదగ్గవే. "యాభై పెట్టెల దాకా సరే", "ఆంధ్రలో మాత్రమే", "బోర్డుకి ఇంత చొప్పున ఇవ్వండి" అంటే అవి న్యాయమైన కోరికలే కావచ్చు, కానీ ఆ షరతులతో అది ఓపెన్ హార్డ్‌వేర్ కాదు. మీరు ఒప్పుకున్నా మీ తర్వాతివాళ్లు ఆ షరతుకి కట్టుబడరు. అలాంటప్పుడు ఆ భాగాన్ని వదిలేయడమో, ఓపెన్ అనే మాట వదిలేసి మామూలు ఒప్పందం చేసుకోవడమో. రెండోది తప్పేం కాదు, ఓపెన్ అని చెప్పుకుంటూ షరతులు దాచడమే తప్పు.

జవాబే రాకపోవచ్చు. రెండు వారాలకి ఒకసారి గుర్తుచేయండి, ఇంకో రెండు వారాలు చూడండి, ఆపేయండి. మౌనం అంగీకారమన్నది పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో గానీ కాపీరైట్‌లో చెల్లదు. "ఫలానా తేదీలోగా జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం" అని రాసినా చెల్లదు, పైగా చదివినవాళ్లకి ఒళ్లు మండుతుంది.

మౌనానికీ, "వద్దు"కీ మందు ఒకటే: ఆ భాగాన్ని తిరిగి గీయడం. దానికి ఇద్దరు కావాలి. అసలు ఫైళ్లు చూసిన మనిషి ఏం కావాలో ఒక పేజీలో మాటల్లో రాస్తారు, ఎలా గీయాలో రాయరు. ఆ ఫైళ్లు ఎప్పుడూ తెరవని రెండో మనిషి ఆ పేజీ, చిప్ కంపెనీల డేటాషీట్లు మాత్రమే పెట్టుకుని గీస్తారు. మన బోర్డుకి ఆ పేజీ ఇలా ఉండొచ్చు: మూడు సీటీ ఇన్‌పుట్లు, ఒక్కోటి 30 ఆంపియర్లకి 1 వోల్టు ఇచ్చే రకం. 3.3 వోల్టుల ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) మధ్యలో, అంటే 1.65 దగ్గర, సిగ్నల్ నిలబడాలి. మోటారు స్టార్టయ్యేటప్పుడు వచ్చే ఎక్కువ వోల్టేజీ ఏడీసీ పిన్నుని కాల్చకుండా అడ్డు ఉండాలి. మోడెమ్ 2జీకి దిగితే క్షణంపాటు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అప్పుడు ప్రాసెసర్ రీసెట్ కాకూడదు. ఇంతే. ఇలా గీస్తే కాపీరైట్ చిక్కు తీరుతుంది. పేటెంట్ ఉంటే మాత్రం ఇలా గీసినా దాని నుంచి తప్పించుకోలేరు.

ఇంకో దారి కూడా ఉంది, తక్కువమంది వాడతారు. వాళ్ల బోర్డుని అలాగే ఉంచి మీరు చేర్చిన 4జీ, సైరన్ భాగాన్ని విడి బోర్డుగా చేసి అది మాత్రమే విడుదల చేయడం. కనెక్టరు ఒకటి ఎక్కువ, ఉప్పుగాలికి తుప్పు పట్టే చోటు ఒకటి ఎక్కువ. అయినా ఎవరి దయా అక్కర్లేదు.

ఆరో మెట్టు: విడుదల

ముందు ఒక హెచ్చరిక. మీలో ఎవరికైనా ఇందులో కొత్త సంగతి మీద పేటెంట్ దరఖాస్తు ఆలోచన ఉంటే అది విడుదలకి ముందే తేలాలి. ఒకసారి బయటపెడితే కొత్తదనం పోతుంది.

లైసెన్సులు పొరల వారీగా: హార్డ్‌వేర్‌కి సెర్న్, ఫర్మ్‌వేర్‌కి జీపీఎల్, రాతలకీ ఫొటోలకీ సీసీ బై-ఎస్‌ఏ. ఒక్కో ఫోల్డర్లో దాని లైసెన్స్ పూర్తి పాఠం ఉండాలి. డేటాషీట్ పీడీఎఫ్‌లు అప్‌లోడ్ చేయొద్దు, అవి చిప్ కంపెనీలవి, లింకు చాలు. ఫర్మ్‌వేర్‌లో రైతుల ఫోన్ నంబర్లు, చెరువుల లొకేషన్లు, సర్వర్ పాస్‌వర్డులు ఉండిపోతాయి. చరిత్రతో సహా తుడవాలి.

కృతజ్ఞత పేరా రీడ్‌మీలో (రిపో తెరవగానే కనపడే పరిచయం ఫైలు) పైనే ఉండాలి, చివర్లో చిన్న అక్షరాల్లో కాదు. "ఈ బోర్డు ఫలానావారి మోటారు కరెంటు బోర్డు వెర్షన్ 1.3 ఆధారంగా చేసింది. వారి సీటీ ఇన్‌పుట్, పవర్ సప్లై భాగాలు వారి అనుమతితో ఈ లైసెన్స్ కింద ఉన్నాయి. మార్పులకీ, వాటిలోని లోపాలకీ బాధ్యత మాది. ఈ బోర్డు గురించి వారికి రాయకండి, ఇక్కడ అడగండి." ఆఖరి రెండు వాక్యాలూ ఎదుటివాళ్లు అన్నిటికంటే మెచ్చుకునేవి.

ఎందుకో మన బోర్డులోనే చూడొచ్చు. 2 హెచ్‌పీ త్రీఫేజ్ ఏరేటర్ మోటారు 3 ఆంపియర్ల చిల్లర లాగుతుంది. 30 ఆంపియర్ల సీటీకి అది మరీ తక్కువ, 0.1 వోల్టు చుట్టుపక్కల వస్తుంది. అందుకని మీరు ఫేజ్ వైరుని సీటీలో అయిదు చుట్లు తిప్పారు. ఇప్పుడు సీటీకి 16 ఆంపియర్లలా కనపడుతుంది. ఒక ఫేజ్ పోతే మిగతా రెంటిలో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది, అప్పటికీ 28 దగ్గరే ఆగుతుంది, సీటీ పరిధి దాటదు. స్టార్టింగ్ కరెంటుకి మాత్రం సీటీ నిండిపోతుంది కాబట్టి మొదటి కొన్ని సెకన్ల రీడింగు వదిలేయాలి. మంచి మార్పే. కానీ అసలు ఫర్మ్‌వేర్‌లో 1 వోల్టుకి 30 ఆంపియర్లని ఉంటుంది, మీ దాంట్లో 6 ఉండాలి. పేరు చూసి అసలు డిజైనర్ దగ్గరికి వెళ్లి వాళ్ల ఫర్మ్‌వేర్ మీ బోర్డులోకి ఎక్కించుకున్న మనిషికి 3 ఆంపియర్ల మోటారు 16 చూపిస్తుంది. "మీ బోర్డు తప్పు చూపిస్తోంది" అని తిట్టేది వాళ్లనే.

కాబట్టి మార్పుల ఫైలు తప్పనిసరి. సెర్న్ లైసెన్స్ కూడా మార్చిన సంగతి, తేదీ, క్లుప్తంగా ఏం మార్చారో రాయమంటుంది. "కొన్ని మెరుగుదలలు" అని రాయడం రాయకపోవడమే. "సీటీలో వైరు 5 చుట్లు, స్థిరాంకం 30 నుంచి 6కి మార్పు, మొదటి సెకన్ల రీడింగు వదిలేయడం" అని రాయాలి. బోర్డు మీద సిల్క్‌స్క్రీన్‌లో (అచ్చు వేసే అక్షరాల్లో) మీ బోర్డు పేరు, వెర్షన్, సోర్సు లింకు వేయండి. వాళ్ల పేరూ లోగో బోర్డు మీద వద్దు, వాళ్లు తయారుచేశారనుకుంటారు. పెట్టెకి కూడా వాళ్ల ఉత్పత్తి పేరుని గుర్తుచేసే పేరు పెట్టొద్దు.

కావాలంటే ఓపెన్‌సోర్స్ హార్డ్‌వేర్ అసోసియేషన్ సర్టిఫికేషన్ తీసుకోవచ్చు. డబ్బు అక్కర్లేదు, ఐఎన్ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఇస్తారు. అది మీరు మీ మాట మీద ఇచ్చే హామీ. ఎన్‌సీ భాగం ఇంకా లోపల ఉండగా దరఖాస్తు చేస్తే మీ సంతకంతో మీరే అబద్ధం చెప్పినట్టు.

ఏడో మెట్టు: తర్వాత

విడుదలైన రోజే అసలు డిజైనర్‌కి లింకు పంపండి. ఇది తెలియజేసే ఉత్తరం, రెండు వాక్యాలు చాలు: ఎక్కడ పెట్టాం, వాళ్ల భాగంలో మాకు దొరికిన లోపం ఏమిటి. లోపం చెప్పడం మర్యాద తక్కువ కాదు. పవర్ సప్లై దగ్గర కెపాసిటర్ చాలడం లేదని మీ చెరువు మీద తెలిస్తే, సవరించిన ఫైలుని వాళ్ల పాత లైసెన్స్ కిందే వాళ్లకి పంపండి.

అభ్యంతరం వస్తే మొదటి రోజే జవాబివ్వాలి, కారణాలు తేలకపోయినా "అందింది, చూస్తున్నాం, ఫలానా రోజుకి చెబుతాం" అని. కొత్త డౌన్‌లోడ్లు ఆపి, ఏ భాగం మీద అభ్యంతరమో అడిగి, చిట్టా పక్కన పెట్టుకుని చూడండి. చరిత్రని హడావిడిగా చెరిపేస్తే మీ తేదీల రుజువు కూడా పోతుంది, అందుకే ముందు కాపీ తీసుకోవాలి. తప్పు మీదైతే ఆ భాగం తీసేసి, ఎందుకు తీసేశారో ఒక వాక్యం రీడ్‌మీలో రాసి, అప్పటికే పెట్టెలు కట్టిన షాపులవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. వాళ్లు రిపో చూడరు. వెర్షన్ 2లో సీటీ భాగం పూర్తిగా మీరే తిరిగి గీసుకున్నా, వెర్షన్ 1 ఎవరి దాని మీద నిలబడిందో చెప్పే వాక్యాన్ని మాత్రం తీయకండి.